ఇంటర్వ్యూకని వెళ్లి... కంఠీరవలో కూర్చున్నా!

మీ దగ్గర ఒక ఫైల్ ఉంటుంది కదా. పదో తరగతి మెమో నుంచి ప్రొవిజనల్ దాకా అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, జిప్ వేసి, బస్సులో కునుకు పట్టినా ఒళ్లోంచి దించని ఫైల్. 2023 మార్చి 3, శుక్రవారం సాయంత్రం, నా ఫైల్‌ని బెంగళూరులో ముక్కూ మొహం తెలియని ఒక జ్యూస్ షాపాయన చేతిలో పెట్టేసి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లిపోయాను. అన్నీ ఒరిజినల్సే. అప్పటికి ఉద్యోగం లేదు. జేబులో తిరుగు బస్సు చార్జీ పోను మిగిలేది నాలుగు వందల చిల్లర.

ఆ రోజు చేసింది తెలివైన పనని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ నా రెజ్యూమెలో ఇప్పుడున్న ఒక లైను ఆ రాత్రి నుంచి వచ్చింది. ఎలాగో చెబుతాను, వినండి.

మాది అనంతపురం దగ్గర ఓ పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడాల్సినప్పుడు పడదు. నాలుగెకరాల ఎర్రనేలలో శెనక్కాయ వేసి నాయన మొగులు వంక చూస్తుంటే, నేను ఇంజినీరింగ్ చదివాను. 2020 బ్యాచ్. ఈ ఒక్క మాట చాలు, మిగతాది మీరే ఊహించుకోగలరు. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ ముందు ‘జాయినింగ్ వాయిదా’ అయింది, ఆ తర్వాత మూడు లైన్ల మెయిల్ అయింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అక్కణ్నుంచి రెండున్నరేళ్లు ఊళ్లో ట్యూషన్లు, ఆన్‌లైన్ కోర్సులు, బెంగళూరు వాకిన్లు.

క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని చోట ఫుట్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందంటారా? అనంతపురంలో అది వింతేం కాదు. 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో. కరవు పల్లెల్లో ఇళ్లు, బళ్లు, ఆస్పత్రులు కట్టిన ఆ సంస్థే తర్వాత స్పోర్ట్స్ విలేజ్ కూడా కట్టింది. 2010లో రఫెల్ నాదల్ వచ్చి టెన్నిస్ స్కూల్ ప్రారంభించింది అక్కడే. స్పెయిన్ నుంచి వాలంటీర్లు వస్తూ పోతూ ఉండేవాళ్లు. వాళ్లను చూసే మాకు బంతిని కాలితో ఆడటం అలవాటైంది. మా బళ్లో చెప్పుల్లేని పిల్లల ఒంటి మీద కూడా బార్సిలోనా జెర్సీ కనిపించేది.

అయినా నా క్లబ్ బార్సిలోనా కాదు, బెంగళూరు ఎఫ్‌సీ. 2013లో ఆ క్లబ్ పుట్టేనాటికి నేను స్కూల్లో ఉన్నాను. మనకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర కదా, హైవే మీద 210 కిలోమీటర్లు. క్లబ్ యజమాని జేఎస్‌డబ్ల్యూ వాళ్ల ఉక్కు ఫ్యాక్టరీ బళ్లారి పక్కన, అంటే మా వెనక వీధి లాంటిది. మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచారు. 2016 అక్టోబరులో ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్లో మలేసియా జట్టు జొహోర్‌ను కంఠీరవ స్టేడియంలో 3-1తో ఓడించి, ఆ టోర్నీ ఫైనల్ చేరిన తొలి భారత క్లబ్ అయ్యారు. అప్పుడు నేను ఇంజినీరింగ్ ఫస్టియర్. హాస్టల్ రూమ్‌లో ఒకే ఫోన్ చుట్టూ ఏడుగురం. వైఫై ఆగిపోయి, గోల్ అయిందని కామెంట్లలో చదివి తెలుసుకున్నాం. ఆ రోజు రెండు గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో అని తెలిశాక ఇక చెప్పేదేముంది, మనవాడే!

అంత ఇష్టమున్నా ఆ స్టేడియం మెట్లు ఎక్కింది లేదు. బెంగళూరు పోయిన ప్రతిసారీ ఇంటర్వ్యూకే. అది అవగానే మెజెస్టిక్, బస్సు, ఇల్లు. ‘ఉద్యోగం వచ్చాక జెర్సీ వేసుకుని వెళ్దాం’ అనుకునేవాణ్ని. మీలోనూ ఇలా ‘వచ్చాక’ ఖాతాలో ఏవేవో దాచుకున్నవాళ్లు ఉంటారు.

ఆ శుక్రవారం

పొద్దున వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూ. టెక్నికల్ రౌండ్ పర్వాలేదు. హెచ్ఆర్ రౌండ్‌లో రెజ్యూమె చూస్తూ ఆమె అడిగింది ఒకటే: ‘ఈ రెండున్నరేళ్లు ఏం చేశారు?’ నేర్చుకున్న జవాబే చెప్పాను, స్కిల్స్ అప్‌గ్రేడ్ చేసుకుంటున్నానని. ‘ఏదైనా చూపించగలరా?’ అంది. నా దగ్గర ఉన్నవి ఆరు కోర్సుల సర్టిఫికెట్లు. ఆమె వాటిని తిరగేసిన తీరు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు, చులకన లేదు. కూరగాయలు ఏరేటప్పుడు మెత్తబడిన టమోటాని పక్కన పెడతాం చూడండి, అలా. ‘మెయిల్ చేస్తాం’ అంది. ఆ మాటకు అర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

బయటికొచ్చి ఫోన్ తీస్తే కనిపించింది: రాత్రి ఏడున్నరకి ఐఎస్‌ఎల్ నాకౌట్, బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. కంఠీరవలో. ఇంటికెళ్లి నాయనకు ఏం చెప్పాలా అన్న ఆలోచన కంటే ఆ స్టేడియం దగ్గరనిపించింది. ఉన్న వాటిలో చౌక టికెట్ కొన్నాను.

అప్పటికింకా వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో రాలేదు (అదే నెలాఖరులో వచ్చింది, నా టైమింగ్ అలాంటిది). బస్సులో బైయప్పనహళ్లి, అక్కణ్నుంచి పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్, మిగతాది నడక. దారి పొడవునా ఒకవైపు నీలం జెర్సీలు, ఇంకోవైపు పసుపు. కేరళ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు డప్పులు మోస్తూ పోతున్నారు. ఫార్మల్ చొక్కా, నల్ల ప్యాంటు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగుతో నేనొక్కణ్నే గుంపులో వేరుగా ఉన్నాను.

గేటు దగ్గర ఆపేశారు. బ్యాగు లోపలికి పట్టుకెళ్లకూడదు. పెట్టుకోడానికి చోటు లేదు. అప్పుడు కనిపించింది ఎదురు వీధిలో జ్యూస్ షాపు. ‘అన్నా, మ్యాచ్ అయిపోగానే వచ్చి తీసుకుంటా’ అన్నాను. ఆయన బ్యాగు వంక, నా వంక చూసి, కౌంటర్ కిందికి కాలితో తోశాడు. తొంభై నిమిషాల మ్యాచ్ కదా, తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తాననుకున్నా.

(మీరు ఇలా చేయకండి. మార్కుల మెమోలు డిజీలాకర్‌లో పెట్టుకోండి, ఒరిజినల్స్ అడిగితేనే మోయండి. ఇది ఆ రాత్రి నాకు చెప్పేవాళ్లు లేరు.)

మెట్లెక్కి లోపలికి అడుగుపెడితే ముందు కనిపించేది పచ్చదనం. 1997 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం ఇది. గడ్డి చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్లు టీవీలో కంటే దూరంగా, చిన్నగా కనిపిస్తారు. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను. ఆ తర్వాత పడమటి స్టాండ్‌లో వెస్ట్ బ్లాక్ బ్లూస్ వాళ్లు డప్పు మొదలుపెట్టారు. ఈ అభిమానుల దండు క్లబ్ పుట్టినప్పటి నుంచీ ఉంది. మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు, నోరు మూయరు. ఐదు నిమిషాల్లో నేనూ ఏదో అరుస్తున్నాను, కన్నడ మాటలు తెలియకపోయినా.

పక్క సీట్లో అరవై దాటిన పెద్దాయన. నా ఫార్మల్స్ చూసి కన్నడంలో ఏదో అడిగి, నా మొహం చూసి తెలుగులోకి మారాడు.

‘ఏమప్పా, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినావా?’

‘లేదన్నా, ఇంటర్వ్యూ నుంచి. అనంతపురం.’

‘ఓహో. అయ్యిందా?’

‘అయ్యింది... కాలేదు.’

ఆయన నవ్వలేదు. ఆస్టిన్ టౌన్‌లో పెరిగాడట. బెంగళూరులో అదీ, పీలే విగ్రహం ఉన్న గౌతంపురా, ఫుట్‌బాల్ పేటలు. ‘మా కాలంలో ఇంటర్వ్యూ గ్రౌండ్‌లోనే అప్పా. ఐటీఐ, హెచ్ఏఎల్ టీములుండేవి. బాగా ఆడితే ఫ్యాక్టరీలో ఉద్యోగం. నేనూ అట్లే చేరినా. సర్టిఫికెట్ ఎవడడిగినాడు? ఆట చూపించు అన్నారు, చూపించినాం.’

పొద్దున హెచ్ఆర్ అడిగిందీ అదే కదా. ఏదైనా చూపించగలరా అని.

మ్యాచ్ తొంభై నిమిషాలకు 0-0. ఎక్స్‌ట్రా టైమ్. జ్యూస్ షాపు గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. లేచి పోదామా? పెద్దాయన మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఇంకొన్ని నిమిషాలకే, ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగంలో, బాక్స్ బయట బెంగళూరుకు ఫ్రీ కిక్. కేరళ గోల్‌కీపర్ గోడ సర్దుకుంటున్నాడు. ఇంకా విజిల్ పడలేదు. ఛెత్రి అలా నడిచి వచ్చి, అలా పైకి లేపి వేశాడు. బంతి నెట్‌లో ఉంది.

స్టాండ్‌లో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. గోలా? కాదా? ఐఎస్‌ఎల్‌లో అప్పటికి వీఏఆర్ లేదు. రిఫరీ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ గీత దగ్గరికొచ్చి తన ఆటగాళ్లను బయటికి పిలిచేశాడు. వాళ్లు నిజంగానే వెళ్లిపోయారు! అన్ని వేల ఫోన్లలో ఒక్కదానికీ సిగ్నల్ లేదు. ఏం జరుగుతుందో తెలియదు. సుమారు ఇరవై నిమిషాల ఎదురుచూపు తర్వాత బెంగళూరు గెలిచిందన్నారు. ‘విజిల్ ఊదాలని రూల్ లేదప్పా’ అని పెద్దాయన అప్పటికి పదోసారి అంటున్నాడు, ఎవరూ అడక్కపోయినా.

పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వీధి చీకటి. షాపు షట్టర్ సగం దించి ఉంది. ఆయన స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు, నా బ్యాగు ఒళ్లో. ‘ఇంత లేటా? నాకు ఇల్లు లేదనుకున్నావా?’ అని తిట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, అది మ్యాచ్ వల్లో, ఇంటర్వ్యూ వల్లో, ఆయన వల్లో తెలియదు.

విజిల్ సంగతేంటి?

మెజెస్టిక్‌లో దొరికిన బస్సులో నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఆట నిబంధనలు తీసి చదివాను. పెద్దాయన చెప్పింది నిజమే. ఆగమని రిఫరీ సైగ చేస్తే తప్ప ఫ్రీ కిక్‌కు విజిల్ అక్కర్లేదు. రిఫరీ ఆపాడా లేదా అన్నదే గొడవంతా. కేరళ అభ్యంతరాన్ని సమాఖ్య తోసిపుచ్చింది. ఆ నెలాఖరుకు క్లబ్‌కు నాలుగు కోట్ల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. అభిమానిగా నాకు గోలే. మనిషిగా ఇప్పటికీ వందకు వంద శాతం అనలేను. బెంగళూరు మాత్రం ఫైనల్ దాకా వెళ్లి, మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది. మాకు అదో అలవాటు.

ఆ వారమంతా ఇంట్లో ఒకటే ఆలోచన: చూపించడానికి నా దగ్గర ఏముంది? పైథాన్ వచ్చు, కోర్సులో ఇచ్చిన టైటానిక్ డేటాసెట్ మీద అందరూ చేసిందే నేనూ చేశాను. ఫుట్‌బాల్ డేటా ఉచితంగా దొరుకుతుందేమోనని వెతికితే స్టాట్స్‌బాంబ్ కనిపించింది. ఈ కంపెనీ కొన్ని టోర్నీల డేటాను గిట్‌హబ్‌లో ఎవరైనా వాడుకునేలా పెట్టింది. మెస్సీ లా లిగాలో ఆడిన మ్యాచ్‌లు ఉన్నాయి. వాటి పక్కన, నమ్మలేకపోయాను, 2021-22 ఐఎస్‌ఎల్ సీజన్ కూడా! మన హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన సీజన్. మొత్తం 115 మ్యాచ్‌లు.

అందులో ఏముంటుందంటే, ప్రతి పాస్, ప్రతి షాట్, ప్రతి ట్యాకిల్ ఒక్కో వరుస. మైదానాన్ని 120 x 80 గళ్ల కాగితంలా అనుకుని, ఏ బిందువు దగ్గర ఏం జరిగిందో రాసి ఉంటుంది. వాటితో ‘ఎక్స్‌జీ’ లెక్కలు కట్టొచ్చు. ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో సున్నా, ఒకటి మధ్య చెప్పే అంకె అది. పెనాల్టీకి ముప్పావు పైచిలుకు, యాభై గజాల నుంచి కొడితే దాదాపు సున్నా. దూరం, కోణం తీసుకుని లాజిస్టిక్ రిగ్రెషన్ వేస్తే మీరూ ఒక చిన్న ఎక్స్‌జీ మోడల్ చేయగలరు. డేటా లాగడానికి స్టాట్స్‌బాంబ్‌పై, మైదానం బొమ్మ గీయడానికి ఎంప్లాట్‌సాకర్, ఈ రెండు లైబ్రరీలు చాలు. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. నాది సెకండ్ హ్యాండ్, మూత మూస్తే కీచుమనేది.

ఒక చిన్న బాధ. ఆ సీజన్ కొవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగింది. కాబట్టి నా డేటాలో కంఠీరవ లేదు. సరే, ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో టాపర్ అయిన హైదరాబాద్ స్ట్రైకర్ ఒగ్బెచే షాట్ మ్యాప్‌తో మొదలుపెట్టాను.

మూడు వారాలకు అన్నీ కుదిరాయనుకున్నాక ఒకటి తేడా కొట్టింది. ఫైనల్లో హైదరాబాద్, కేరళ 1-1తో నిలిచి, పెనాల్టీల్లో హైదరాబాద్ 3-1తో గెలిచింది. నా కోడ్ మాత్రం మ్యాచ్ స్కోరు 4-2 అంటోంది! రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేంటంటే, షూటౌట్ కిక్కులు కూడా షాట్లుగానే డేటాలో ఉన్నాయి, ఐదో పీరియడ్ అని గుర్తు వేసి. నేను పీరియడ్ కాలమ్ చూడనే లేదు. ఒక్క లైను ఫిల్టర్‌తో సరిపోయింది. ఆ తప్పును, దొరికిన తీరును అలాగే నా బ్లాగులో రాసేశాను. సిగ్గుగానే ఉండింది.

జులైలో ఇంకో కంపెనీ, ఇంకో ఇంటర్వ్యూ. అదే ప్రశ్న, ఈ మూడేళ్లు ఏం చేశారు? ఈసారి ల్యాప్‌టాప్ తెరిచాను. టెక్నికల్ ప్యానెల్‌లో ఉన్నాయనకు ఫుట్‌బాల్ తెలియదు, ఆఫ్‌సైడ్ అంటే ఏంటని నన్నే అడిగాడు. కానీ 4-2 కథ విని ముందుకు వంగాడు. ‘అసలు స్కోరు నీకు ముందే తెలియకపోయుంటే ఈ తప్పు ఎలా పట్టేవాడివి?’ నిజాయితీగా చెప్పాను, పట్టేవాణ్ని కాదేమోనని. అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు డేటాను సరిచూసుకోవడం మీదే మాట్లాడుకున్నాం. సర్టిఫికెట్ల ఫైల్ జిప్ తీయలేదు. ఆగస్టులో డేటా అనలిస్ట్‌గా చేరాను. ఆ కంపెనీకి, ఆటలకు ఏ సంబంధమూ లేదు. సరకు రవాణా లెక్కలు చూస్తాం.

ఆటలోనే ఉద్యోగమా?

ఇది చదివి ‘నేనూ ఫుట్‌బాల్ అనలిస్ట్ అవుతా’ అంటే ఆపను గానీ, కళ్లు తెరిచి వెళ్లండి. మన దేశంలో క్లబ్బులు తక్కువ, ఒక్కో క్లబ్‌లో వీడియో, పెర్ఫార్మెన్స్ అనలిస్టుల కుర్చీలు ఇంకా తక్కువ. 2025 జులైలో హక్కుల ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ సీజన్‌నే పక్కన పెట్టారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. ఆటగాళ్లకే ఆ గతి పట్టినప్పుడు కొత్తగా చేరిన ఇరవై రెండేళ్ల అనలిస్ట్ సంగతి చెప్పాలా?

అయినా వెళ్లాలనిపిస్తే కోచింగ్ వైపు సమాఖ్య లైసెన్స్ కోర్సులు ఉన్నాయి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఉంది. రిఫరీ దారి ఉంది, దాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఫిజియో, న్యూట్రిషన్ చదివినవాళ్లకు అకాడమీల్లో పని ఉంటుంది. మీ ఊళ్లో మైదానం దగ్గరే చూడండి: అనంతపురం పిల్లలకైతే స్పోర్ట్స్ విలేజ్ ఉంది. అక్కడి పిల్లల మ్యాచ్‌లు ఫోన్‌తో రికార్డు చేసి, పాసులు చేత్తో లెక్కపెట్టి, ఎక్సెల్‌లో వేసినా అది మీ సొంత డేటా అవుతుంది. టైటానిక్ కంటే నయం. అందులో ఎవరు మునిగారో అందరికీ తెలిసిందే.

ఫుట్‌బాలే కావాలని లేదు. నా రూమ్మేట్ వాళ్ల ఊరి బోర్ల లోతుల లెక్క పదేళ్లది సేకరించి మ్యాప్ వేశాడు. ఏ బోరు ఎన్ని అడుగుల్లో ఎండిందో ఇంటర్వ్యూలో చెబుతుంటే ఎదుటివాళ్లు నోట్స్ రాసుకున్నారట.

ఇప్పుడు బెంగళూరులోనే ఉంటున్నాను కాబట్టి కంఠీరవకు నడిచి వెళ్లినంత సులువుగా వెళ్తున్నా. ఫార్మల్ చొక్కా లేదు, జెర్సీయే. ఆ పెద్దాయన మళ్లీ కనిపించలేదు. జ్యూస్ షాపాయన కనిపిస్తాడు, నన్ను ‘బ్యాగ్’ అనే పిలుస్తాడు.

కిందటేడు ఉగాదికి ఊరెళ్లాలి. దానికి ముందు రోజు, మార్చి 29న, ముంబై సిటీతో నాకౌట్. నాయన అప్పటికే కంటి పరీక్షకని బెంగళూరు వచ్చి ఉన్నాడు. మ్యాచ్ చూసుకుని రాత్రి బస్సుకు ఇద్దరం పోదామన్నాను. ‘నాకేం తెలుస్తుంది రా’ అంటూనే వచ్చాడు. ఆ రోజు బెంగళూరు 5-0తో గెలిచింది. నలభై ఏళ్ల ఛెత్రి కూడా ఒకటి కొట్టాడు. స్టేడియం ఊగిపోతోంది, నేను గొంతు పోయేలా అరుస్తున్నాను. నాయన మాత్రం గోల్ పోస్టు వంక చూడటం లేదు. ఫ్లడ్‌లైట్ల కింద మెరుస్తున్న ఆ గడ్డినే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూస్తున్నాడు. ఐదో గోల్ గోల కాస్త తగ్గాక నా చెవి దగ్గరికి వంగాడు.

‘దీనికి రోజుకెన్ని నీళ్లు పెడతార్రా?’